ఉగ్గుగిన్నెడు

పిల్లల ఐసీయూలో మొదటి రాత్రే
నా మెడలోంచి స్టెతస్కోపు తీయించింది మొయిరా స్ట్రాకన్.
"ముందు పాదం పట్టుకో."
లీడ్స్‌లో జనవరి. కిటికీ అద్దం మీద వాన అడ్డంగా పాకుతోంది.
ఎనిమిది నెలల పిల్ల అరికాలు
నా అరచేతిలో, ఐసులో పెట్టిన జామపిందెలా ఉంది.
మానిటర్ మాత్రం అంతా సవ్యమంటోంది.
"అది అబద్ధమాడదు. కాకపోతే
ఊరందరికీ తెలిశాక చెబుతుంది" అందామె.

రొమ్మెముక మీద బొటనవేలు. అయిదు సెకన్లు నొక్కి వదలాలి.
పాలిపోయిన చోటికి రంగు తిరిగొచ్చేదాకా లెక్క.
ఇంగ్లీషులో మొదలెట్టి ఎక్కడ తెలుగులోకి జారానో,
ఒకటీ... రెండూ...
దాగుడుమూతల్లో గోడకి తిరిగి నిలబడ్డ దొంగలా.
రెండు అనేలోపే నెత్తురు దొరికిపోతే మంచిది.
నాలుగన్నా అయిదన్నా రాకపోతే
అది ఆట మరిచిపోయి ఎటో వెళ్ళిపోతోందని.

తరవాత ఆరేళ్ళూ ఎలా గడిచాయంటే
చెప్పడానికి పెద్దగా లేదు.
ఒక పరీక్ష తప్పాను. రెండోసారి గట్టెక్కాను.
గడ్డిపరకంత గొట్టాన్ని గొంతులోకి దించడం
నాకన్నా ముందే నా చేతులకి వచ్చేసింది.
హడర్స్‌ఫీల్డ్ దాటాక కొండమీద మంచులో అంబులెన్సు దిగబడితే
డ్రైవరు డెరెక్ పారతో తవ్వాడు,
లోపల గంటన్నర నేను చేత్తో ఊపిరి పోశాను:
నొక్కు, విడుపు. నొక్కు, విడుపు.
వయసుకి నాలుగు కలిపి రెట్టిస్తే కిలోల్లో బరువు.
తూచే వ్యవధి లేని రాత్రుళ్ళకి అదే తక్కెడ.
గ్లవుజు వెనక బాల్‌పెన్నుతో రాసుకునేదాన్ని.

అప్పుడే ఆ ప్రశ్నని పట్టుకున్నాను, లేదా నన్నది పట్టుకుంది:
సెలైన్ ఎంత పోయాలి?
కిలోకి పదా, ఇరవయ్యా?
అందరం పోస్తున్నాం. ఎవరికీ తెలీదు.
మూడేళ్ళు దరఖాస్తులు, కమిటీలు, సీలువేసిన కవర్లు,
పదమూడు ఆస్పత్రులు.
ప్రాణం జారుతున్నప్పుడు సంతకం అడగలేం గనక
ముందు వైద్యం, తరవాత అనుమతి.
బిడ్డ దక్కకపోతే
నాలుగు వారాలు ఆగి ఉత్తరం రాయాలి.
ఆ ఉత్తరాన్ని పంతొమ్మిదిసార్లు దిద్దాం.
'మీ దుఃఖంలో' అన్న మాట పెట్టాం, తీశాం, పెట్టాం.

కీత్‌లీ నుంచి హెదర్ ఆక్రాయిడ్ జవాబు మే నెలలో వచ్చింది.
'వివరాలు వాడుకోవచ్చు' అన్న గడిలో టిక్కు.
పక్కన మార్జిన్‌లో, పెన్సిలుతో:
"జోనాకి మూడేళ్ళని రాశారు. మూడేళ్ళ పదకొండు నెలలు.
బుల్డోజర్ కేకు చెప్పేసి ఉంచాం."

ఆ రాత్రి ఎన్నేళ్ళని అడిగింది నేనే.
గుమ్మంలో నిలబడ్డ తండ్రి, నోట మాట రాక,
మూడు వేళ్ళు చూపించాడు.

నూటపదిహేడో వరుసలో
ముప్ఫై ఆరు నెలలు కొట్టేసి నలభై ఏడు చేశాను.
సగటులో చుక్క తరవాతి అంకె కూడా కదల్లేదు.

కానీ మూడంటే పద్నాలుగు కిలోలు. నాలుగంటే పదహారు.
కిలోకి ఇరవై లెక్కన
నలభై మిల్లీలీటర్లు తక్కువ పోశాను.
ఒక ఉగ్గుగిన్నెడు.

"దానివల్ల ఎవరూ చావరు" అంది మొయిరా.
నాకు తెలుసు. నా పేపర్లో ఉన్నదే అది:
పదికీ ఇరవైకీ తేడా కనబడలేదు,
ఇంతమంది పిల్లల్లో, ఇంత నమ్మకంతో.
హారోగేట్ సభలో చప్పట్లు కొట్టారు.
భోజనంలో చేప బావుంది.
తిరుగు రైల్లో నా అరచేతిని గిన్నెలా ముడిచి
ఎంత పడుతుందో చూస్తూ కూచున్నాను.

ఇప్పుడు కొత్తగా చేరిన ఇఫెయోమాకి
పాదం పట్టుకోవడం నేనే నేర్పుతున్నాను.
బొటనవేలు ఎత్తి, పెదవులు మాత్రం కదుపుతూ లెక్కపెడుతోంది.
ఏ భాషలోనో అడగలేదు.
మూడుకి వచ్చింది రంగు.

ఒక్కటే చెప్పాను,
వయసు అడిగినప్పుడు
నెలలు కూడా అడుగు.